ఊరగాయల వారంలో సెలవు

ఖర్చు తగ్గించడానికి ఇచ్చే జీతం లేని సెలవు ఎవరికి ఏ వారమో రాసిన పట్టికను గోడకు అంటించిన రోజున లొరెట్టా హైన్స్ దాన్ని రెండుసార్లు చదివింది. ఆమె పేరుకు ఎదురుగా ఆగస్టు రెండో వారం ఉంది. అంటే ఏటా పోటీలు పెట్టి బహుమతులిచ్చే కౌంటీ సంత వారం. సంతలో ఎవరి పందికి, ఎవరి బొంతకు, ఎవరి ఊరగాయకు ఏ బహుమతి రిబ్బన్ వచ్చిందో పేరు పేరునా రాసి ‘హార్లన్‌బర్గ్ కొరియర్’ పత్రికలో వేయించేది పంతొమ్మిదేళ్లుగా ఆమే. ఏడాదిలో యాభై రెండు వారాలుండగా పట్టిక వేసిన మహానుభావులకు ఆ వారమే దొరికింది.

“కర్ట్, నాయనా, ఈ పట్టిక వేసినవాడు ఒహాయోలో ఎప్పుడైనా అడుగు పెట్టాడా?”

ఎడిటర్ కర్ట్ మెలిన్‌కి ముప్పై నాలుగేళ్లు. అతను కంప్యూటర్ మీంచి తల ఎత్తలేదు. “హెడ్డాఫీసు వాళ్లు వేశారు లొరెట్టా. మార్చడానికి లేదు. ఇంకోటి, ఆ వారం మీరు ఏ పనీ చెయ్యకూడదు. ఆఫీసు ఫోనెత్తకూడదు, మెయిల్ చూడకూడదు. ఏ కొంచెం చేసినా చట్టప్రకారం వారం జీతం మొత్తం ఇవ్వాల్సొస్తుంది.”

“అంటే నేను పని చేస్తే మీకు నష్టమన్నమాట.”

“అలా అనకండి.”

“ఎలా అనమంటావో చెప్పు, అలాగే అంటాను.”

కర్ట్ కీబోర్డు టకటకలాడించాడు.

సంతకు మాత్రం వెళ్లింది, అందరిలాగే టికెట్ కొనుక్కుని. నోటుబుక్కు ఇంట్లో పెట్టి వచ్చినా చెయ్యి మాటిమాటికీ సంచిలోకి పోతూనే ఉంది. అడుగుకొకరు ఎదురొచ్చి “రాసుకో లొరెట్టా” అంటున్నారు. రాయకూడదని చెబితే, ఈవిడకు ఎంత పొగరెక్కిందో చూడండన్నట్టు మొహాలు పెడుతున్నారు. అదేం సెలవో గానీ, ఉద్యోగంలో ఉన్నప్పుడు కూడా ఆమె ఇంతమందికి సంజాయిషీ ఇచ్చుకోలేదు.

ఊరగాయల బల్ల దగ్గర వర్నా స్టౌఫర్ ఆమె మోచెయ్యి పట్టుకుంది. వర్నాకు ఎనభై ఎనిమిదేళ్లు. తన దోసకాయ ఊరగాయ సీసా మెడకు కట్టిన నీలం రిబ్బన్‌ను రెండో చేత్తో సవరిస్తోంది.

“చూశావా అమ్మాయ్? ముప్పై ఒక్క ఏళ్లు నాకు ఎర్రదే, రెండో బహుమతి. నీలం ఎప్పుడూ ఆ ఎదురింటి యూనిస్‌కే. ఇన్నాళ్లకి దేవుడికి నాలిక పనిచేసింది.”

“చాలా సంతోషం వర్నా గారూ.”

“సంతోషం సరే, పేపర్లో ఎప్పుడేస్తావ్? యూనిస్ వచ్చే మంగళవారం మధ్యాహ్నం అరిజోనాలో కూతురి దగ్గరికి పోతోంది. ఇక రాదు. ఈ లోపల అది పేపర్లో చదవాలి. నా వంటింట్లో కూర్చుని, నా కాఫీ తాగుతూ చదవాలి.”

లొరెట్టా నోట ‘కుదరదు’ అన్నమాట రాలేదు. గురువారం పేపర్లో చూస్తే సంత గురించి రంగులరాట్నం ఫొటో ఒకటి, కింద రెండు ముక్కలు. పేర్ల ఊసే లేదు. ఆమెకు ఒళ్లు మండిపోయింది. నేను ఉద్యోగిని కాకపోతే పాఠకురాలినే కదా అనుకుంది. కూర్చుని ‘పాఠకుల ఉత్తరాలు’కి ఒక ఉత్తరం రాసింది. రెండొందల యాభై మాటలు దాటకూడదన్న నియమానికి లోబడి ఊరగాయలు, జామ్‌లు, పండ్లు పెట్టి కాల్చిన పైలలో గెలిచినవాళ్లందరినీ అందులో ఇరికించింది. వర్నా పేరు మొదట పెట్టింది. సెలవు వారంలో ఆఫీసు తలుపు తన కార్డుకు తెరుచుకోదు గనక ఉత్తరాన్ని వీధి వైపున్న ఉత్తరాల డబ్బాలో పడేసింది.

శుక్రవారం పేపర్లో రాలేదు, శనివారం రాలేదు, ఆదివారమూ రాలేదు. సోమవారం ఆఫీసుకెళ్తే ఆ ఉత్తరం ఆమె బల్ల మీదే ఉంది. ప్రతి ఉత్తరాన్నీ అచ్చుకు ముందు, రాసినవాళ్లకు ఫోన్ చేసి నిజంగా వాళ్లే రాశారా అని అడగాలి. ఆ ఫోన్లు చేసే ఉద్యోగి సెలవులో ఉంది. ఆ ఉద్యోగి లొరెట్టా.

ఆమె ఉత్తరం పట్టుకుని కర్ట్ ముందు నిలబడింది. “విచారించాను. నిజంగా ఆవిడే రాసిందట. రేపు వేస్తావా?”

కర్ట్ హెడ్డాఫీసుకు ఫోన్ చేశాడు. సెలవులో రాస్తే పనే అవుతుంది, పనైతే జీతమివ్వాలి అని వాళ్లు. పాఠకురాలిగా రాసిందని ఇతను. గంటంబావు తర్జనభర్జన అయ్యాక ఒక కాగితం వచ్చింది. సంత ఫలితాలు సేకరించి రాయడం తన సొంత సరదా అనీ, అది పని కాదనీ లొరెట్టా ఒప్పుకుంటూ సంతకం చేస్తేనే ఉత్తరం అచ్చవుతుంది.

పంతొమ్మిదేళ్లు పందుల కొట్టాల్లో బురద తొక్కి చేసింది సరదా అట! కాగితం చించి వాళ్ల మొహాన కొడదామనిపించింది. గోడ గడియారం చూసింది. రేపు మధ్యాహ్నం యూనిస్ వెళ్లిపోతుంది. సంతకం పెట్టింది.

మంగళవారం తొమ్మిదిన్నరకు వర్నా ఫోన్ చేసింది.

“చదివిందమ్మాయ్! కళ్లజోడు తేలేదని తప్పించుకోబోయింది. నాది ఇచ్చాను. పైకే చదివించాను, రెండుసార్లు.”

“ఏమంది?”

“ఉప్పు ఎక్కువైంది అంది.” వర్నా దగ్గొచ్చేదాకా నవ్వింది. “తర్వాత ఏడ్చింది. నేనూ ఏడ్చాను. సీసా తనకే ఇచ్చేశాను.”

లొరెట్టా ఫోన్ పెట్టేసి కళ్లు తుడుచుకుంటుండగా కర్ట్ వచ్చాడు. పట్టిక అంటించినప్పటి నుంచీ అతని మొహం అంత వెలగడం ఆమె చూడలేదు.

“లొరెట్టా, హెడ్డాఫీసుకి మీ ఉత్తరం తెగ నచ్చింది! వచ్చే ఏడాది నుంచి సంత ఫలితాలు, స్కూలు బహుమతులు, చర్చి విందులు అన్నీ పాఠకులే రాసి పంపుతారు. మన పేపర్లన్నిట్లో ఇదే పద్ధతి. మీరిక సంతకు పోనక్కర్లేదు.”

“అది నా పని కదా కర్ట్.”

అతను ఇబ్బందిగా ఫైలు తెరిచి నిన్నటి కాగితం ఆమె ముందు పెట్టాడు. పరిహాసానికి కాదు, పాపం, నిజంగానే అర్థంకాక అడిగాడు.

“కాదని మీరే రాసిచ్చారు కదండీ?”

కాగితం అడుగున సంతకం ఆమెదే.