చరిత్ర పుస్తకంలో ముందు సగం

నేను ఒక పుస్తకంలో ముందు సగాన్ని. బి.ఏ. మూడో సంవత్సరం పిల్లలు చదివే ఆధునిక భారతదేశ చరిత్ర. తెల్లవాళ్లు ఓడ దిగడం దగ్గర మొదలై, పద్దెనిమిది వందల యాభై ఏడు తిరుగుబాటు మధ్యలో ఆగిపోతాను. నా చివరి వాక్యానికి క్రియ కూడా లేదు. అది వెనక సగంలో ఉంది. దాని పేరెత్తితేనే నాకు ఒళ్లు మండుతుంది కాబట్టి, ముందు నా సంగతి చెప్పుకోనివ్వండి.

విజయవాడలో ఒక ప్రెస్సులో పుట్టాను. అప్పుడు మేమిద్దరం ఒక్కటే, ఒకే దారం, ఒకే అట్ట. ఒకే అట్టలో ఉన్నంత మాత్రాన మర్యాద సమానంగా దక్కదని నాకు త్వరగానే తెలిసింది. నా పేజీల నిండా రెగ్యులేటింగ్ చట్టం, శాశ్వత శిస్తు, రైత్వారీ పద్ధతి. దాని పేజీల నిండా ఊరేగింపులు, జైళ్లు, ఉప్పు సత్యాగ్రహం, ఫొటోలు. మమ్మల్ని కొన్న మొదటి కుర్రాడు కాలేజీ యూనియన్ నాయకుడు. పుస్తకం చేతికి రాగానే నన్ను దాటేసి వెనక్కి వెళ్లిపోయాడు. అక్కడ పెన్సిలు గీతలు గీశాడు, ఒకచోట కన్నీటి చుక్క కూడా రాల్చాడు. నా మీద మాత్రం టీ గ్లాసు పెట్టేవాడు. ఆ గుండ్రటి మరక కారన్‌వాలీసు సంస్కరణల మీద ఇప్పటికీ ఉంది. అతను చరిత్ర పాసవకుండానే రాజకీయాల్లో చేరి బాగా స్థిరపడ్డాడని తర్వాత విన్నాను.

అక్కణ్ణుంచి పాత పుస్తకాల బండి మీదికి, బండి మీదినుంచి చీరాలకి. ఆ ఏడు కొత్త పుస్తకాలు బజారుకు రాలేదు. సెల్‌ఫోన్లు లేని రోజులు, జిరాక్సు ధర వింటే గుండె ఆగే రోజులు. అందుకని ఇద్దరు స్నేహితురాళ్లు కలిసి మమ్మల్ని కొనుక్కున్నారు. ఒకరు భ్రమర. వేటపాలెంలో నేతపని వాళ్లమ్మాయి, క్లాసులో ఎప్పుడూ ఫస్టు. రెండో పిల్ల కెజియా, హాస్టల్లో ఉండేది. చరిత్ర అంటే ఆమెకు వణుకు. కిందటేడు ఆ ఒక్క పేపరే పోయింది. మళ్లీ రాసి ఎలాగో బయటపడింది. తల్లి పొగాకు గోదాములో ఆకు పని చేస్తుంది. హాస్టలుకు చూడటానికి వచ్చినప్పుడు ఆమె ఉన్నమాట చెప్పేసింది.

"ఈసారి పాసైతే బీయీడీ చదువుకో అమ్మాయ్. తప్పావా, నాతోపాటు గోదాముకి వచ్చెయ్. ఇంక మీ నాన్నకి నేను సర్దిచెప్పలేను."

అప్పటినుంచి కెజియా నన్ను వదల్లేదు. ప్రీఫైనల్లో శాశ్వత శిస్తు విధానం మీద ఆమె రాసిన జవాబును చరిత్ర సారు క్లాసులో పైకి చదివి, "జవాబంటే ఇలా ఉండాలి" అన్నారు. నా పేజీల గురించి ఒక మంచి మాట వినడం నా జన్మలో అదే మొదలు. వెనక సగం ముఖం ఎలా ఉందో చూడాలని తెగ ఉబలాటపడ్డాను. అందరూ కెజియా వైపు తిరిగారు. భ్రమర ఒక్కతీ పెన్ను మూత తీసి పెడుతూ, తీసి పెడుతూ కూర్చుంది.

ప్రిపరేషన్ సెలవులు వచ్చాయి. ఉన్నది ఒక పుస్తకం, చదవాల్సిన ఇద్దరూ చెరో ఊళ్లో. కాలేజీ వరండాలో భ్రమర సంచిలోంచి బ్లేడు తీసింది.

"పుస్తకాన్ని కొయ్యడమేంటే? పాపం కాదూ!" అంది కెజియా.

"చదవకుండా తప్పితే పాపం కాదా? గట్టిగా పట్టుకో."

రాజకీయశాస్త్రం కూడా చదివిన పిల్లలు కదా, విభజన అంటే మధ్యకి లెక్కేసి గీత గీసెయ్యడమే అనుకున్నారు. పాఠం ఎక్కడ ముగుస్తుందో ఎవరూ చూడలేదు. తిరుగుబాటు కారణాలు నాకు వచ్చాయి, ఫలితాలు దానికి పోయాయి. నన్ను కెజియా తీసుకుంది, దాన్ని భ్రమర పట్టుకెళ్లింది. వచ్చే ఆదివారం చర్చి అయ్యాక బస్టాండులో మార్చుకోవాలని ఒప్పందం.

ఆ వారం నాకు పండగే. కెజియా పొద్దున్నే హాస్టలు డాబా మీద అటూ ఇటూ తిరుగుతూ నన్ను గొంతెత్తి చదివేది. అయినా నా మనసు వేటపాలెంలోనే ఉండేది. భ్రమర దాన్ని ఒళ్లో పెట్టుకుని చదువుతుంటుంది, కొత్త అట్ట వేసి ఉంటుంది, ఎర్ర ఇంకుతో గీతలు కొడుతుంటుంది... ఇలా ఊహించుకుని కుళ్లిపోయేవాణ్ణి. క్లాసు ఫస్టు పిల్ల చేతిలో దానికి దక్కే గౌరవం తలుచుకుంటే నా జిగురు ఊడినంత పనయ్యేది.

ఆదివారం భ్రమర రాలేదు. బస్సులు వచ్చాయి, పోయాయి. మర్నాడూ రాలేదు. కెజియా నన్ను సంచిలో వేసుకుని వేటపాలెం వెళ్లింది. "మా అమ్మాయి పిన్నిగారింటికి వెళ్లిందమ్మా" అంది భ్రమర తల్లి, తలుపుకి అడ్డంగా నిలబడి. గడప పక్కనే భ్రమర చెప్పులున్నాయి. కెజియా వాటిని చూసింది, తిరిగి వచ్చేసింది.

నేను లోపల గంతులేశాను. ఇంక నాకు పోటీ లేదు! ఆమెకు మిగిలింది నేనొక్కణ్ణే. తిప్పి తిప్పి నన్నే చదివింది. ప్రతిసారీ నా చివరి వాక్యం దగ్గర, "తిరుగుబాటు ఫలితంగా" అనే మాట దగ్గర ఆగిపోయేది. ఒకరోజు అక్కడే నా మీద తల ఆనించి ఏడ్చింది. వెనక సగం మీది కన్నీటి మరక చూసి ఎన్నేళ్లు ఏడ్చుకున్నానో! నాకూ ఒకటి దక్కింది. దానివల్ల ఏ సుఖమూ లేదని అప్పుడు తెలిసింది.

పరీక్ష రోజు. హాలు మెట్ల దగ్గర భ్రమర వచ్చి నిలబడింది, వెనక సగాన్ని చాపిన చేతుల్లో పెట్టుకుని.

"ఇప్పుడెందుకే ఇది? బెల్లు కొడుతున్నారు" అంది కెజియా. కోపంగా కూడా అనలేదు.

"ఇంకా టైముంది. కూర్చో, నే చెప్తా. సహాయ నిరాకరణ తప్పకుండా ఇస్తాడు."

పుస్తకం విప్పకుండానే గబగబా చెప్పుకుపోయింది. ఎందుకు మొదలైంది, ఎవరెవరు బడులు మానారు, చౌరీచౌరా తర్వాత ఎందుకు ఆపేశారు. కెజియా కళ్లు మూసుకుని విన్నది. తర్వాత సంచులన్నీ హాలు బయట గుట్టగా పడేసి లోపలికి వెళ్లిపోయారు. ఆ గుట్టలో నేనూ అదీ పక్కపక్కన పడ్డాం. దాని ఒంటినిండా కలరా ఉండల వాసన.

"నిన్ను చదివిందా?" అనడిగింది.

"రోజూ. పైకి, గొంతెత్తి."

"భ్రమర నన్ను ట్రంకుపెట్టెలో పెట్టి తాళమేసింది. ఒక్కసారి కూడా తెరవలేదు" అంది. "నీదే అదృష్టం." ఆ మాట కోసం పుట్టిన దగ్గర్నుంచీ కాచుకున్నాను. విన్నాక మాత్రం గంతులెయ్యాలనిపించలేదు.

పరీక్ష అయ్యాక హాల్లోంచి కెజియా పరుగున వచ్చింది, వెనకాలే భ్రమర. వచ్చి, నన్ను పక్కకి తోసి, వెనక సగాన్ని లాక్కుంది. పేజీలు తిప్పి ఒకచోట వేలు పెట్టి అరిచింది.

"ఇదే ఇచ్చాడే! నువ్వు చెప్పింది చెప్పినట్టు రాశా. ఇంక పేపరు పోదు." కాసేపటికి గొంతు తగ్గించి అడిగింది. "ఆదివారం ఎందుకు రాలేదే?"

భ్రమర తల వంచుకుంది. "సారు నీ జవాబు క్లాసులో చదివారు కదే. మూడేళ్లలో నాది ఒక్కసారీ చదవలా. కడుపు మండిపోయింది. నీకు దొరక్కూడదని దాచా. దాచాక నేనూ తెరవలేకపోయా."

"ఆ జవాబు నాదేంటే?" అంది కెజియా ఆశ్చర్యంగా. "పుస్తకం చూస్తే నాకు ఒక్క ముక్కా అర్థం కాలా. ప్రీఫైనల్ ముందు బస్టాండులో నీ బస్సు కోసం కూర్చున్నప్పుడు నువ్వే కదా చెప్పావు. నీ మాటలే రాశా."

భ్రమర మెట్ల మీద కూలబడి ఏడ్చింది. కెజియా ఆమె పక్కన కూర్చుంది.

ఆ సాయంత్రం కెజియా మా ఇద్దర్నీ ఒకే సంచిలో వేసుకుని హాస్టలుకు నడిచింది. వెనక సగం నా పక్కనే ఉన్నా, దాని మీద నాకు కోపం రాలేదు. దారి పొడుగునా నేను కుళ్లుకున్నది భ్రమరను తలుచుకుని. ఇన్ని పేజీలుండీ నేను చెప్పలేనిదాన్ని, ఆ పిల్ల బస్టాండు బెంచీ మీద కూర్చుని నోటిమాటగా చెప్పేసింది.