ఇస్త్రీ అమ్మ అడిగిన సెలవు

మార్చి నెల రెండో గురువారం, ఉదయం షిఫ్టులో తూకాలు చూసే వేళ. డయాలసిస్ గదిలో అప్పటికి ఉన్నవారు: డ్యూటీ దిగబోతూ ఆవులింతలు మింగుతున్న రాత్రి నర్సు, డ్యూటీ ఎక్కి మెషీన్లకు ట్యూబులు తొడుగుతున్న పెద్ద నర్సు, ఎవరి కుర్చీల్లో వారు దుప్పట్లు సర్దుకుంటున్న పేషంట్లు, తూకం పక్కన నిలబడి వచ్చినవారి బరువులు రాసుకుంటున్న ఒక డాక్టరు. అద్దాల తలుపుకు అవతల, లోపలికి రానివాడు మరొకడు ఉన్నాడు: ఇస్త్రీ అమ్మ కొడుకు. తల్లిని చక్రాల కుర్చీలో తలుపుదాకా తోసుకొచ్చి, అక్కడ భార్యకు అప్పజెప్పి, తాను నీళ్ల ఫిల్టర్ల గది పక్కన గోడకు ఆనుకుని నిలబడడం అతనికి అలవాటు. ఇన్నేళ్లలో ఒక్కసారీ గడప దాటలేదు.

ఆ డాక్టరును తోటివారు బాబాయి అనేవారు. మూత్రపిండాల వైద్యంలో ప్రత్యేక శిక్షణ ఇచ్చే ఆ ఫెలోషిప్‌లో తక్కినవాళ్లంతా ముప్పై దాటీ దాటనివాళ్లు. అతనికి నలభై నాలుగు. ఒక సిమెంటు ఫ్యాక్టరీ డిస్పెన్సరీలో తలనొప్పులకూ కంట్లో పడిన దుమ్ముకూ మందులిస్తూ సగం ఉద్యోగజీవితం గడిపాడు. ఫ్యాక్టరీ మూతపడ్డాక, బడిపంతులమ్మ అయిన భార్య ‘ఇంట్లో గోళ్లు గిల్లుకుంటూ కూర్చునే బదులు చదువుకోరాదూ’ అంటే చదువుకోవడానికి వచ్చాడు. తరగతిలో ఎన్నడూ మొదటివాడు కాడు, తప్పినవాడూ కాడు. నలుగురితో నారాయణ అన్నట్టు గడిచిపోయింది. ఎక్కువసేపు నిలబడితే మోకాళ్లు సలిపేవి కనుక, రాసుకుంటున్నంతసేపూ ఒక కాలి మీదినుంచి మరో కాలి మీదికి మారుతుండేవాడు. తెల్లకోటు చేతులు మణికట్టుకు బెత్తెడు పైనే ఆగిపోయేవి. కొత్తది తీసుకోవచ్చునని ఎవరూ చెప్పలేదు, అతను అడగలేదు.

ఫెలోషిప్ ముగియడానికి అతనికి ఒక్క పరీక్ష మిగిలింది. మెడనరంలో గొట్టం వేయడం, కిడ్నీలోంచి సూదితో చిన్న ముక్క తీయడం వంటివన్నీ ఎలాగో గట్టెక్కాడు. మిగిలినదానికి శిక్షణ కాగితాల్లో బారెడు పేరుంది. ఆ గదిలో మాత్రం అందరూ దాన్ని ‘ఆపే మాట’ అనేవారు. ఇక డయాలసిస్ వద్దనుకునే పేషంటుతో ట్రైనీ ఒక్కడే మాట్లాడాలి. పెద్ద డాక్టరమ్మ ఒక మూల కూర్చుని చూస్తారు, నోరు విప్పరు. దానికొక నియమం కూడా ఉంది: మెషీనుకు తగిలించి ఉన్న మనిషితో ఆ మాట ఎత్తకూడదు. లేచి వెళ్లిపోగల మనిషితో, సూదులు గుచ్చకముందే మాట్లాడాలి.

ఆ పరీక్షలో బాబాయి ఒకసారి తప్పాడు. మెషీను వద్దన్న ఒక వృద్ధ గడియారాల మెకానిక్కుతో ఊపిరి తిప్పుకోకుండా మాట్లాడి, ఆయన మనసు మార్పించి, గెలిచిన మొహంతో బయటికొచ్చాడు. “ఆయన్ని ఒప్పించారు. ఆయన చెప్పింది వినలేదు,” అన్నారు పెద్ద డాక్టరమ్మ. మెకానిక్కు ఆ తరువాత కుర్చీలో ఎప్పుడూ గోడవైపే తిరిగి పడుకునేవాడు. కొన్నాళ్లకు ఆ కుర్చీలోనే పోయాడు.

ఇవాళ మాట్లాడవలసింది ఇస్త్రీ అమ్మతో. ఒక హోటలు లాండ్రీలో దుప్పట్లూ బల్లగుడ్డలూ ఇస్త్రీ చేస్తూ జీవితం వెళ్లదీసిన మనిషి. కుడి ముంజేతి మీద ఇస్త్రీపెట్టె అంచు తగిలిన పాత మచ్చలు మెట్లమెట్లుగా ఉండేవి. ఎడమచేతిలో, డయాలసిస్ కోసం కలిపి కుట్టిన రక్తనాళం తాడులా ఉబ్బి, వేలు ఆనిస్తే తేనెటీగను పట్టుకున్నట్టు జుమ్మనేది.

చలికాలంలో ఆమెకు ఆయాసం పట్టుకుంది. ఒంట్లో చేరిన నీరు తీసేశాక మనిషికి మిగలవలసిన బరువును డ్రై వెయిట్ అంటారు. ప్రతి పేషంటుకూ అలాంటి అంకె ఒకటి ఉంటుంది. మెషీను నీరు తోడి మనిషిని ఆ అంకెకు తెస్తుంది. ఇస్త్రీ అమ్మ అంకె నెలల తరబడి కదలలేదు. బాబాయి ప్రతిసారీ దాన్ని చూసి తృప్తిపడ్డాడు. ఆమెకు తిండి సయించక కండ కరిగిపోతోందనీ, కరిగినమేరకు నీరు వచ్చి కూర్చుంటోందనీ, తూకం మారకపోవడానికి కారణం అదేననీ అతనికి తట్టలేదు. ఫిబ్రవరిలో ఒకనాడు, ఆమె చేతిగడియారం మోచేతిదాకా జారడమూ, అదే మనిషి పాదాలు చెప్పుల్లో పట్టకపోవడమూ ఒక్కసారే కంటపడ్డాయి. జరిగిందేమిటో అతనికి అప్పుడు అర్థమైంది. అప్పటికే ఆమె పడుకోలేక రాత్రులన్నీ కూర్చునే గడుపుతోంది. “ఇక చాలు బాబూ, నాకు సెలవిప్పించు,” అని అడిగి కూడా అప్పటికి వారమైంది.

పెద్ద డాక్టరమ్మ కోప్పడలేదు. “తప్పు ఎవరిదో ఆమెకు మీరే చెప్పండి. బరువు దించండి. ఊపిరి కుదుటపడ్డాక మళ్లీ అడుగుదాం,” అన్నారు. అతను చెప్పాడు. కొంచెం కొంచెంగా బరువు దించాడు. ఆయాసం పోయింది. మళ్లీ అడగవలసిన రోజు ఇవాళ.

అతను కోరుకున్నది ఒక్కటే. ఉంటానని ఆమె అనాలి. అలా అంటే, సెలవు అడిగింది ఆయాసమే తప్ప ఆమె కాదని తేలిపోతుంది. తన తప్పు కూడా ఆయాసంతోపాటే తీసిన నీటిలో కొట్టుకుపోయినట్టవుతుంది. పరీక్షకు ఇంకొకరి కోసం ఆగవలసివచ్చినా సరే అనుకున్నాడు.

“అంకె ఎంత?” అంది ఇస్త్రీ అమ్మ, కోడలి భుజం పట్టుకుని తూకం మీద నిలబడి.

“ఉండాల్సినంతే ఉందమ్మా.”

“ఉండాల్సినంతే ఉందని చలికాలంలో కూడా అన్నావుగా.”

పెద్ద నర్సు ట్యూబుల వెనక మొహం దాచుకుంది. “అత్తయ్యా!” అని కోడలు కసిరింది.

“ఏమ్మా, డాక్టరుతో పరాచికమాడడానికి కూడా చీటీ రాయించుకోవాలా?”

వాళ్లు పక్కనున్న చిన్న గదిలోకి వెళ్లారు. సెలైను పెట్టెలు ఒక గోడను సగందాకా కప్పేశాయి. కిటికీ లేదు. ఒక రౌండు బల్ల, నాలుగు ప్లాస్టిక్కు కుర్చీలు. పెద్ద డాక్టరమ్మ పెట్టెల పక్కన కూర్చుని, ఒళ్లో కాగితం పెట్టుకుని, కళ్లద్దాలు తుడుచుకుంటున్నారు. బాబాయి పొద్దున అద్దం ముందు వల్లెవేసుకున్న వాక్యాలు వరసగా నాలుక చివర నిలబడ్డాయి.

“ఊపిరి ఎలా ఉందమ్మా?”

“బ్రహ్మాండంగా ఉంది. రాత్రి వెల్లకిలా పడుకున్నాను. మావాడు హడలిపోయి రెండుసార్లు లేపాడు, పోయాననుకుని.”

“నవ్వులాట కాదత్తయ్యా,” అంది కోడలు.

“తిండి కూడా కాస్త సయిస్తోందని చెప్పారు. మెట్లు ఎక్కగలుగుతున్నారు. ఇలాగే ఇంకొన్నాళ్లు...” అని మొదలుపెట్టి అతను ఆగిపోయాడు. ఆమె తలవంచి, కింది పెదవి కొరుకుతూ, అతన్ని కింది నుంచి చూస్తోంది, మరక వదులుతుందో లేదో బట్టను చూసినట్టు.

“చల్లకొచ్చి ముంత దాచడమెందుకు బాబూ? నేను ఉంటానంటానేమోనని చూస్తున్నావు.”

మూలనున్న కుర్చీ కిర్రుమంది.

“అవునమ్మా,” అన్నాడతను.

“ఆయాసం వల్ల అంటున్నానని మీరంతా అనుకున్నారు. నాకూ అనుమానమే వచ్చింది. అందుకే ఆగాను. ఊపిరాడనప్పుడు అన్నమాటకి విలువుండదు. ఇప్పుడు ఆడుతోంది. ఆడుతుండగానే చెబుతున్నాను. చాలు.”

కోడలు కుర్చీ ముందుకు లాక్కుంది. “మేం ఏం తక్కువ చేశామత్తయ్యా?”

“తక్కువ చేస్తే ఉండి నిన్ను సాధించేదాన్నే. ఎక్కువే చేశావు.” ముసలామె కోడలి చెయ్యి తన ఒళ్లోకి లాక్కుంది. “మూడు రోజులు ఇక్కడ. ఆ మర్నాళ్లు మూడూ ఇక్కడినుంచి తేరుకోవడానికి. వారానికి మిగిలేది ఒక్కరోజమ్మా. ఆ ఒక్కరోజూ రేపు మళ్లీ వెళ్లాలి కదా అన్న దిగులు.”

తక్కిన వాక్యాలన్నీ బాబాయి నోట్లోనే ఉన్నాయి. కొత్త మందులు, మధ్యాహ్నపు షిఫ్టు, కుర్చీ మార్పు. అవేవీ బయటికి రాలేదు. వచ్చింది, వల్లెవేయనిది.

“చలికాలంలో నేను సరిగా చూసి ఉంటే, ఈ మాట అనేవారా అమ్మా?”

పెద్ద డాక్టరమ్మ తలెత్తారు. అడగకూడనిది అడిగానని అతనికి అప్పుడే తెలిసింది. కానీ మాట పెదవి దాటింది.

ఇస్త్రీ అమ్మ ముంజేతి మచ్చలు తడుముకుంది. “అబద్ధం చెప్పను. ఆ రాత్రులు కూర్చుని కూర్చునే ఇదంతా ఆలోచించాను. పడుకుని నిద్రపోయి ఉంటే ఈ బుద్ధి పుట్టేదో, పుట్టేది కాదో. కొంత నీ వల్లే.”

“కోపం కూడా వచ్చింది,” అందామె మళ్లీ. “నీకు చెప్పలేదంతే. ఇప్పుడు లేదు. అయినా నేనన్నది మాత్రం మారదు.”

“సరేనమ్మా,” అన్నాడతను.

తరువాత చెప్పవలసినవి ఒక్కొక్కటే చెప్పాడు: మగత ఎక్కువవుతుందని, ఆయాసం రాకుండా మందులిస్తారని, నర్సు ఇంటికే వస్తుందని. ఆమె ఆ సాయంత్రానికి వంట ఏమిటో విన్నట్టు తల ఊపుతూ విని, ఒక్కటే అడిగింది: ఇవాళ్టి డయాలసిస్ చేయించుకుని వెళ్లనివ్వమని. “తేలిగ్గా ఇల్లు చేరితే నాలుగు రోజులు కబుర్లు చెప్పుకోవచ్చు.” ఆపడానికి ఒప్పుకుంటున్నట్టు తెలిపే కాగితం మీద ఒక్కో అక్షరం నొక్కి నొక్కి సంతకం చేసింది.

“ఆయనకెవరు చెబుతారు?” అంది కోడలు.

బాబాయి వెళ్లాడు. కొడుకు గోడకు ఆనుకునే ఉన్నాడు. డాక్టరు నోరు తెరిచేలోపే చెయ్యి అడ్డం పెట్టాడు.

“తెలుసు సార్. రాత్రి నా చొక్కాలన్నీ ఇస్త్రీ చేసింది. వద్దంటే వినదే. బీరువాలో ఉన్నవి కూడా తీసి మళ్లీ చేసింది.”

“లోపలికొచ్చి కాసేపు కూర్చోండి.”

“వద్దు సార్. బయటికొచ్చే అమ్మను చూడ్డమే నాకు అలవాటు.” ఆగి, “అలాగే ఉండనివ్వండి,” అన్నాడు.

ఆ గదిలో ఎవరు పెట్టారో తెలియని ఆచారం ఒకటి ఉంది. మెషీను మానుకుని వెళ్లే మనిషికి చివరి సూదులు నర్సు తీయదు. మాట విన్న డాక్టరే తీసి, పట్టీ బిగించకుండా, రక్తం ఆగేదాకా తన వేళ్లతోనే అదిమి పట్టాలి. మధ్యాహ్నం రక్తమంతా ఒంట్లోకి తిరిగి వెళ్లి ఎర్రటి ట్యూబులు తెల్లబడ్డాక బాబాయి స్టూలు మీద కూర్చున్నాడు. మోకాలు కుర్చీ ఇనుపకాలికి తగిలింది. సూదులు తీసి, దూది పెట్టి, రెండు వేళ్లతో అదిమాడు. గట్టిగా అదిమితే రొద ఆగిపోతుంది, వదులు చేస్తే రక్తం చిమ్ముతుంది. రెండింటికీ మధ్య పట్టు పట్టుకోవడం అతనికి ఈ శిక్షణలోనే వచ్చింది. వేళ్ల కింద ఆ చెయ్యి జుమ్మంటూనే ఉంది. ఇక ఎవరికీ పనికిరాని ఆ రక్తనాళం, చివరిదాకా అలా రొదపెడుతూనే ఉంటుందని అతనికి తెలుసు. ఇస్త్రీ అమ్మ కళ్లు మూసుకుంది. రక్తం ఎప్పుడో ఆగిపోయింది. వేళ్లు తీయడానికి అతనికి ఇంకాస్త సమయం పట్టింది.

“పోయొస్తాను బాబూ,” అని, అలవాటుగా వచ్చిన మాటకు తానే నవ్వుకుని, ఆమె చక్రాల కుర్చీలోకి మారింది. తలుపు అవతల కొడుకు కుర్చీ అందుకుని, తల్లి ఒళ్లో శాలువా సరిచేసి తోసుకెళ్లాడు. కోడలు అత్త చెప్పులు చేతబట్టుకుని వెనకాల నడిచింది.

సాయంత్రం పెద్ద డాక్టరమ్మ పరీక్ష కాగితం అతని ముందు పెట్టారు. “ఒక ప్రశ్న మీకోసం అడిగారు.”

“అవును మేడమ్.”

“అది తప్పే. కానీ జవాబు పూర్తిగా విన్నారు. అడ్డు రాలేదు.” ఆవిడ కింద ‘ఉత్తీర్ణుడు’ అని రాశారు. “ఇంటికెళ్లి పంతులమ్మగారికి చెప్పండి.”

అతను ఇంటికెళ్లాడు. భార్య సంతోషించి, కొత్త కోటు కుట్టించుకోమంది. తనను పాసు చేయించింది ఏమిటో ఆమెకు ఎలా చెప్పాలో తెలియక, అన్నం కలుపుతూ కూర్చున్నాడు.

పరీక్ష కాగితం మీద ట్రైనీ సంతకం పెట్టవలసిన చోటు ఖాళీగానే ఉండిపోయింది. తరువాతి వారం, ఇస్త్రీ అమ్మ కుర్చీలో కొత్తగా చేరిన బస్సు డ్రైవరుకు తూకం చూస్తుండగా, పెద్ద నర్సు ఫోను పెట్టేసి వచ్చింది. తెల్లవారుజామున పోయిందట. నిద్రలోనే. వెల్లకిలా పడుకుని ఉందట.

అతను డ్రైవరు బరువు రాసుకున్నాడు. పాదాలు నొక్కి చూశాడు. చేతిగడియారం ఎక్కడిదాకా జారుతోందో చూశాడు. తరువాత డాక్టర్ల గదిలోకి వెళ్లి, కాగితం తీసి, గీత మీద పేరు రాశాడు. మూడు మడతలు పెట్టి తన అరలో, మిగిలిన పరీక్షల కాగితాల కింద దూర్చాడు. తక్కినవన్నీ మడతలు లేకుండా చదునుగా పడి ఉన్నాయి. అదొక్కటే పైనున్నవాటిని కొద్దిగా ఎత్తిపట్టి, అర పూర్తిగా మూసేదాకా కనిపిస్తూనే ఉంది.