మైకు లేని ఆదివారం

నేను చేపలు కడుగుతుండగా, నా గురించి ఇంటర్నెట్‌లో రాసి ఉందని మా మరిది ప్రభుదాసు చెప్పాడు.

అది 1999 సెప్టెంబరు. నందికొండలో మా ప్రాజెక్టు క్వార్టరు వెనక బండ దగ్గర కూర్చుని, బూడిదతో రుద్ది పొలుసు తీస్తున్నాను. ప్రభుదాసు హైదరాబాదులో కంప్యూటరు కోర్సు చదువుతున్నాడు. ఆదివారానికి ఇంటికొచ్చినవాడు జేబులోంచి నాలుగు మడతల కాగితం తీసి, మా ఆయనకూ మా అత్తమ్మకూ వినపడేలా ఇంగ్లీషులో చదివి తెలుగులో అర్థం చెప్పాడు. మా బిడ్డ రూతుకు ఉన్నదాని పేరు ఆటిజం. ఆ పేరు ఇంటికి కొత్త కాదు. నిరుడు హైదరాబాదు దవాఖానలో డాక్టరు చీటీ మీద రాసిచ్చాడు. అప్పుడు ఎవరూ దాన్ని రెండోసారి పలకలేదు. ఇప్పుడు కాగితం దానికి కారణం కూడా చెప్తోంది. తల్లి మనసు చల్లబడితే, తల్లి బిడ్డను వెచ్చగా దగ్గరికి తీసుకోకపోతే, బిడ్డ లోకం నుంచి మొహం తిప్పుకుంటుందట.

"నేనన్న మాట కాదు వదినా. అమెరికాల పెద్ద పెద్ద డాక్టర్లు రాసిండ్రు," అన్నాడు ప్రభుదాసు.

మా ఆయన ఇస్రాయేలు నా చేతుల వైపు చూశాడు. నీళ్లలో నాని అవి నిజంగానే చల్లగా ఉన్నాయి.

"ఎన్నడన్న పిల్లను ఒళ్లె కూసోబెట్టుకున్నవా? ఎప్పుడు జూసినా పని, పని," అన్నాడు.

ఆ పని ఎవరిదో ఆయన అనలేదు. ఆయన చేపల పులుసు తిని, చేయి కడుక్కుని, కాలువ ఆఫీసు డ్యూటీకి పోతాడు. రూతును ఒళ్లో కూర్చోబెట్టుకోవడం అంటే ఏమిటో ఆయనకు తెలియదు. దానికి ఎనిమిదేళ్లు, ఇంకా మాట రాలేదు. మెల్లగా తాకితే ముళ్లకంపలో పడ్డట్టు విదిలించుకుంటుంది. మందపు దుప్పట్లో చుట్టి, రెండు చేతులతో గట్టిగా ఒత్తితే మాత్రం నవ్వుతుంది. ఈ సంగతి కనిపెట్టడానికి నాకు మూడేళ్లు పట్టింది. దాని అన్నంలో ఉల్లిముక్క పంటికి తగలకూడదని, గౌను వెనక లేబులు కత్తిరించాలని, బడికి పోకుండా ఏడ్చే రోజున అసలు ఏడుపు బడి గురించి కాదు, బడిగంట గురించని, అన్నీ అట్లా కనిపెట్టినవే. ఒక నోటుబుక్కులో తారీఖులు వేసి రాసుకుంటూ వచ్చాను. అది చల్లటి మనసు చేసే పనైతే వెచ్చటి మనసు ఏం చేస్తుందో నాకు తెలియదు.

అత్తమ్మ పేరు మైసమ్మ, ఊరి దేవత పేరు. కొడుకులు పెద్దయ్యాక బాప్తిస్మం తీసుకుంది గాని పేరు మార్చుకోలేదు. రూతు చర్చిలో కేకలు పెట్టినప్పుడల్లా, పిల్లకు పట్టిన దయ్యం నానమ్మ పేరు పట్టుకుని ఇంట్లోకి వచ్చిందని వెనక వరసల్లో గుసగుసలు. కాగితం చదవడం అయ్యాక అత్తమ్మ మొహంలో నేను చూసింది సంతోషం కాదు. బరువు దించుకున్న మనిషి ఊపిరి పీల్చుకోవడం. ఎనిమిదేళ్లుగా ఆమె మీదున్న నింద ఆ పొద్దు నా మీదికి వచ్చింది. నాకు కోపం రావలసింది. రాలేదు.

మంగళవారం నేను రూతును తీసుకుని హిల్ కాలనీలో హమీద్ ఎస్టీడీ బూత్‌కు పోయాను. ఆ వేసవిలోనే అతను ఒక కంప్యూటరు పెట్టాడు. నల్లగొండ నంబరుకు కలిపితే ఇంటర్నెట్ వచ్చేది. ఆ కాగితం నిజమో కాదో నేను స్వయంగా చూడాలి. నల్లగొండలో బీఏ చదివినదాన్ని, ఇంగ్లీషు చదవడానికి మరిది అక్కర్లేదు.

హమీద్ నంబరు కలపగానే పక్కనున్న మోడెం డబ్బా గీపెట్టింది. రేకు మీద మేకు గీసినట్టు. రూతు రెండు చెవులూ మూసుకుని, నేల మీద కూర్చుని, అంతకంటే పెద్దగా అరవడం మొదలుపెట్టింది. బూత్‌లో ఫోను మాట్లాడుతున్న ఇద్దరూ తిరిగి చూశారు. నేను ఎప్పటిలాగే క్షమాపణ చెప్పడానికి నోరు తెరిచాను.

"జర ఆగక్కా," అన్నాడు హమీద్. భుజం మీది తువ్వాల తీసి ఆ డబ్బాకు చుట్టి, టేబులు సొరుగులోకి తోసి మూశాడు. చప్పుడు అణిగింది. రూతు ఆగిపోయింది. "పాప చెవులు మస్తు నాజూకున్నయి. మా బిడ్డ తాహేరాకు గూడ గీ సప్పుడు పడదు. ఫికర్ చెయ్యకు, నువ్వు సదువుకో."

మూసిన ఆ సొరుగు వైపు చూశాను. రెండేళ్ల ఉపవాస ప్రార్థనలు, నూనె రాయడాలు, తాయెత్తులు, నా వంట గురించి, నా నడక గురించి, నేను కడుపుతో ఉన్నప్పుడు చూసిన గ్రహణం గురించి వాడకట్టంతా చేసిన విచారణలు. ఈ మనిషి తువ్వాల చుట్టాడు, అంతే.

తర్వాత చదివాను. మూడు వారాల్లో ఆరుసార్లు పోయి, కావలసినవి నోటుబుక్కులోకి ఎక్కించుకున్నాను. చల్లని తల్లి మాటను డాక్టర్లే ఎప్పుడో పక్కన పెట్టేశారట. ప్రభుదాసుకు దొరికింది ఎవరో పాత మాటను మళ్లీ ఎక్కించిన కాగితం. మరో చోట, ఇట్లాంటి పిల్లలు పుట్టడం తల్లిదండ్రుల పాపమని ఎవరెవరో వాదించుకుంటున్నారు. ఇంకొకరు ఇలాంటివాళ్లను జనంలోకి తేవద్దని రాశారు. కంప్యూటరులోనూ మా వాడకట్టే ఉందనుకున్నాను. కానీ ఒక పేజీలో ఒకామె, చిన్నప్పుడు రూతులాగే మాట రాని ఆమె, తనకు కొన్ని చప్పుళ్లు దెబ్బల్లా తగులుతాయని రాసింది. ఆ వాక్యాన్ని రెండుసార్లు రాసుకున్నాను, ఒకసారి ఇంగ్లీషులో, ఒకసారి తెలుగులో. ఇంటికొచ్చి పాత పేజీలన్నీ తిరగేశాను. డ్యాము గేట్లు ఎత్తే ముందు సైరను. కుక్కరు. చర్చిలో మైకు. మైకు. మైకు.

ఆ తర్వాతి ఆదివారం కాలనీలో ట్రాన్స్‌ఫార్మరు కాలిపోయి కరెంటు పోయింది. చర్చిలో మైకు లేదు. పాస్టరు అయ్యగారు గొంతెత్తి వాక్యం చెప్పారు. రూతు మొదటి పాట నుంచి చివరి దీవెన దాకా నా కొంగు అంచు మడతలు పెడుతూ కూర్చుంది. ఒక్క కేక లేదు. బయటికొచ్చేసరికి జనం మా చుట్టూ చేరారు. "నయమైంది," అన్నారెవరో. "వదిలిపోయింది," అన్నారింకెవరో. అయ్యగారు రూతు తల మీద చేయి పెట్టి, వచ్చే నెల కోత పండుగకు తల్లి లేచి దేవుడు చేసిన మేలుకు సాక్ష్యం చెప్పాలన్నారు. మా ఆయన సంఘానికి సెక్రటరీ. ఆ సాయంత్రమే సంఘం పుస్తకంలో, 'కుమారి రూతు స్వస్థత పొందినది' అని నీలం సిరాతో రాశాడు.

నాకు తెలుసు, అది మైకు లేనందువల్లనని. మూడు రోజులు నోరు విప్పలేదు. ఎందుకు విప్పలేదో దాచను. అత్తమ్మ నాకంటే ముందు లేచి చాయ్ పెట్టింది. తన పిల్లలను రూతు దగ్గరికి రానివ్వని ఎదురింటి నిర్మలమ్మ అరటిపళ్లు తెచ్చింది. మా ఆయన నన్ను పేరు పెట్టి పిలిచాడు. పెళ్లయిన పదేళ్లలో నేను గెలిచిన కోడలిగా బతికినవి ఆ మూడు రోజులే. ఆ రుచి నాకు బాగానే పట్టింది.

నాలుగో రోజు ఎగువ నుంచి నీళ్లు వచ్చి, డ్యాము మీద సైరను మోగింది. రూతు అరిచి, చేయి కొరుక్కుని, గడప దగ్గర పడిపోయింది. దుప్పట్లో చుట్టి ఒత్తి పట్టుకున్నాను. అత్తమ్మ గోడకు ఆనుకుని నిలబడిపోయింది.

"పోయింది మళ్లొచ్చింది. తిరిగొస్తే ఏడింతలై వస్తదంటరు," అంది.

"అది సైరను అత్తమ్మా. సప్పుడు దానికి దెబ్బ లెక్క తగుల్తది."

"సప్పుడు అందరికి ఇనొస్తది గదనే."

మా ఆయన రాత్రి అన్నం ముందు కూర్చుని తేల్చేశాడు. "పండుగ నాడు సాక్ష్యం జెప్పు. నీ నోటితోని నమ్మి చెప్తే నిలుస్తదని అయ్యగారు అన్నడు. గప్పటికి గూడ తగ్గకపోతే మందిరంల నలభై దినాలు ఇడిచిపెడదాం. ఇగ నాతోని కాదు. ఆఫీసుల మొకం ఎత్తుకోలేకపోతున్న."

ఆ ప్రార్థనా మందిరాన్ని నిరుడు చూశాను. రేకుల షెడ్డు, వరసగా గుంజలు, గుంజకు కాలు కట్టిన ఆడవాళ్లు. పొద్దున నుంచి పడుకునే దాకా మైకులో ప్రార్థన. అబద్ధం చెప్తే రూతు నయమైన పిల్ల అవుతుంది. నయమైన పిల్ల మళ్లీ అరిచిన రోజు, ఆ గుంజల్లో ఒకటి దానిది. చెప్పనంటే తల్లి అవిశ్వాసమని అదే గుంజ. అన్నం వడ్డిస్తూ ఈ రెండు దారులనూ చూశాను.

"చెప్త," అన్నాను. ఆయన నెమ్మదించాడు. ఏం చెప్తానో అడగలేదు. మా ఇంట్లో నన్ను ఆ ప్రశ్న అడిగే అలవాటు ఎవరికీ లేదు.

కోత పండుగకు కట్టంగూర్ నుంచి, కేతేపల్లి నుంచి కూడా చుట్టాలు వచ్చారు. బలిపీఠం ముందు వరి పనలు, గుమ్మడికాయలు, కాళ్లు కట్టిన కోళ్లు, ఒక బుట్ట సీతాఫలాలు. ఆరాధన అయ్యాక వాటిని వేలం వేస్తారు, అందుకని రెండు సౌండు బాక్సులు అద్దెకు తెచ్చారు. ఎవరో మైకు మీద వేలితో కొట్టారు. రూతు చెవులు మూసుకుంది. అయ్యగారు నా పేరు పిలిచారు.

మా సంఘంలో ఒక పద్ధతి ఉంది. సాక్ష్యానికి లేచిన మనిషి 'స్తోత్రం' అనేవరకు ఎవరూ అడ్డు రాకూడదు. అయ్యగారైనా సరే. తాగి వచ్చి గంటసేపు ఏడ్చిన మనిషినైనా అట్లాగే కూర్చుని విన్నాం. ఇంట్లో నా మాట రెండో ముక్క దగ్గర తెగిపోతుంది. ఇక్కడ దాన్ని తెంచే హక్కు నాకొక్కదానికే ఉంది.

రూతును భుజాలు ఒత్తి పట్టుకుని ముందుకు నడిచాను. మైకు ఇవ్వబోయారు.

"అందరికి వందనాలు. ముందుగాల మైకు బందు చెయ్యున్రి," అన్నాను.

మైకు పిల్లవాడు అయ్యగారి వైపు చూశాడు. ఆయన తలూపారు. బాక్సుల్లో గుయ్యిమనే మోత ఆగిపోయింది. రూతు కుడిచేయి కిందికి దిగింది, తర్వాత ఎడమచేయి. మూడు వందల మంది అది చూశారు. నేను చూపించినందుకు కాదు, చూడటానికి అక్కడ మరొకటి లేక.

"నా బిడ్డకు నయం గాలె," అన్నాను. మొదటి వరసలో మా ఆయన తల వంచుకున్నాడు. "ఎందుకంటే నా బిడ్డకు దయ్యం లేదు. ఆటిజం అని డాక్టరు రాసిచ్చిండు. అది గట్లనే పుట్టింది. మీకు ఇనొచ్చే సప్పుడే దానికి దెబ్బలెక్క తగుల్తది. మొన్న కరెంటు పోయింది, మైకు లేదు, కూసున్నది. గిప్పుడు మీరే జూసిండ్రు."

వెనక నుంచి మల్లయ్య, వేలం వేసే పెద్దమనిషి, పద్ధతి మరిచి అరిచాడు. "ఏం ఇనొస్తలేదు. మైకు పెట్టుండ్రి."

నేను జవాబు చెప్పేలోపు ఆడవాళ్ల వైపు నుంచి మా అత్తమ్మ లేచింది.

"చెవులు లేవా నీకు? జర ముంగటికొచ్చి ఇను."

కొందరు నవ్వారు. మల్లయ్య నిజంగానే నాలుగు వరసలు ముందుకొచ్చి కూర్చున్నాడు. అతని వెనక మరికొందరు. మైకు లేనందుకు జనం దగ్గరికి జరిగారు.

"మా అత్తమ్మ పేరుల నుంచి దయ్యం వచ్చిందని మీరు ఎనిమిదేండ్లు అన్నరు. ఆమె ఎనిమిదేండ్లు గీ గుడిల తల ఎత్తలేదు. పేరు నుంచి ఏం రాలే. నా మనసు సల్లగుండి వచ్చిందని ఇంటర్నెట్ల రాసిన్రు. అది గూడ తప్పని అండ్లనే సదివిన. నా బిడ్డను ఏ మందిరంల కట్టెయ్యనియ్య. ప్రతి ఆదివారం గీడికే తీసుకొస్త. మీ ప్రార్థన నాకు కావాలె, అది బాగుపడాలని కాదు, అందరితోని కూసోవాలని."

కావాలనే ఒక్క క్షణం ఆగాను. ఆ నిశ్శబ్దం కూడా నాదే కాబట్టి. రూతు గుమ్మడికాయ మీది చారలను వేలితో లెక్కపెడుతోంది.

"స్తోత్రం," అన్నాను.

ముందుగా అత్తమ్మ గొంతు 'స్తోత్రం' అని పలికింది, చాలా గట్టిగా. ఆ తర్వాత నిర్మలమ్మ. ఆడవాళ్ల వైపంతా అన్నాక మగవాళ్ల వైపు కదిలింది.

వేలం మైకు లేకుండానే జరిగింది. మల్లయ్య గొంతు బొంగురుపోయింది, సీతాఫలాలు ఎప్పటికంటే ఎక్కువకు పోయాయి. అయ్యగారు నా దగ్గరికి వచ్చి, మొహమాటంగా, "వచ్చే వారం నుంచి ఎట్లనమ్మా?" అన్నారు. బాక్సు ఆడవాళ్ల వైపు కాకుండా బయటికి తిప్పమని, వాల్యూము సగం తగ్గించమని, పాటకు ముందు గంట కొట్టొద్దని చెప్పాను. ఆయన జేబులోంచి చీటీ తీసి రాసుకున్నారు. అత్తమ్మ మా ఆయన ఎదురుగా నిలబడి, "గా మందిరం మాట మళ్లెత్తితే నేను నీ ఇంట్ల ఉండ," అంటోంది.

జనం పలచబడ్డాక మా ఆయన సంఘం పుస్తకం తెరిచి కూర్చున్నాడు. పెన్ను పట్టుకున్నాడు గాని రాయడం లేదు. మొన్నటి నీలం వాక్యం పేజీ మధ్యలో ఉంది.

"అందరి ముంగట గంత మాటన్నవు. ఇగ గిండ్ల ఏమని రాయాలె చెప్పు," అన్నాడు. అడగడం ఆయనకు రాదు కాబట్టి, కోపంగా అడిగాడు.

నేను పక్కన కూర్చుని పుస్తకం నా వైపు తిప్పుకున్నాను. ఆయన చేతిలోంచి పెన్ను తీసుకున్నాను. ఆయన వదిలేశాడు. 'స్వస్థత పొందినది' అన్న మాట మీద ఒక గీత గీసి, దాని కింద రాశాను.

'ఈ దినమున మైకు ఆపి ఆరాధన జరిపితిమి. సంఘమునకు వినుట వచ్చినది. ఇట్లు, సలోమి, రూతు తల్లి.'