ఎడమచెయ్యి

"బాగా వినండి. జవాబు తెలిస్తే కుడిచెయ్యి, తెలియకపోతే ఎడమచెయ్యి ఎత్తాలి. ఎవరూ చెయ్యి దించుకుని కూర్చోకూడదు," అంది కుముదిని టీచర్.

గల్ఫులో, జాబ్రియా పేటలోని ఆ ప్రైవేటు స్కూల్లో నాలుగో తరగతికి ఇంటర్వెల్ లోగా ఈ విద్య ఎక్కించాలి. తర్వాత ఓనరు, ఫీజు పెరిగిందని గొణుగుతున్న తల్లిదండ్రులు వస్తారు.

నిజానికి ఆ క్లాసు ఆస్మాది. రాయచోటి నుంచి వచ్చి ఏడాది కాలేదు, అప్పుడే పిల్లల నోట ఆమె మాటే. భిన్నాలు చెప్పడానికి ఖుబ్జ్ రొట్టెలు తెచ్చి తుంచి పంచుతుంది. తప్పు చెప్పినవాణ్ణే లేపి, ఎలా ఆలోచించావో చెప్పమంటుంది. ఏళ్ల తరబడి బోర్డు నిండా పొందికగా లెక్కలు రాసిన కుముదినికి అది చూస్తే కుళ్లు, పచ్చి కుళ్లు. ఆ క్లాసులోనే చదివే తన కూతురు నిత్య కూడా అన్నం ముందు కూర్చోగానే "మా ఆస్మా టీచర్..." అని మొదలెడుతుంది. అమ్మ క్లాసు సంగతి ఒక్కనాడూ అడగదు.

"ఈ పూట మీరు చెప్పండి. బాగా జరిగితే వచ్చే ఏడు ఈ క్లాసు మీదే. ఆ అమ్మాయి ఇఖామా పర్మిట్ ఇక రెన్యూ చేయించం, ఊరికి తిరిగెళ్లాల్సిందే," అన్నాడు పొద్దున్న ప్రిన్సిపాల్ సుబ్రహ్మణ్యం. కుముదిని మనసు ఎగిరి గంతేసింది. సిగ్గు కూడా పడలేదు.

వెనక గోడ దగ్గర నిలబడ్డ ఆస్మా ఉండబట్టలేకపోయింది. "ఏంటికక్కా ఈ యవ్వారం? తెలీదని చెప్పనీండి పిల్లోళ్లని. ఆడ్నించే గదా మనం చెప్పాల్సింది."

"నువ్వూరుకోమ్మా. ఫీజులు కట్టేవాళ్లు చేతులే చూస్తారు."

అందరూ వచ్చారు. "మూడోవంతులో సగం ఎంత?" కుముదిని అడగ్గానే గదినిండా చేతులు లేచాయి. ఓనరు ముఖం విప్పారింది. తల్లిదండ్రులు ఫోన్లతో వీడియో తీస్తున్నారు. కుడిచెయ్యి కోసం వెతుకుతున్న కుముదిని చూపు కిటికీ పక్క బెంచీ దగ్గర ఆగింది. నిత్య రెండు చేతులూ బల్ల మీదే ఉన్నాయి.

"నిత్యా, చెయ్యెత్తు."

"నాకు తెలీదు మేడం. తెలీనప్పుడు ఎడమచెయ్యి ఎందుకెత్తాలి?"

ఆ మాట అంటూ పిల్ల చూసింది అమ్మ వైపు కాదు, వెనక గోడ వైపు. కూతురికి ఆ ధైర్యం తను నేర్పింది కాదు.

పిల్లలు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. ఎడమచేతులు ఒక్కొక్కటే దిగసాగాయి.

"ఇంకొకర్ని అడగండి మేడం, కుడిచెయ్యిని," సుబ్రహ్మణ్యం చెవిలో గొణిగాడు.

కుళ్లు ఎక్కడికీ పోలేదు. అయినా కుముదిని అడగలేదు. మార్కర్ మూత బిగించి, నిత్య వైపే తిరిగి, "ఎంతవరకు ఆలోచించావో చెప్పు," అంది.