కిరాయి గడ్డపార

"కడుపుతోని ఉన్నప్పుడు ఇల్లు మారొద్దని అవ్వ అంటే ఆగినం. ఇప్పుడు ఆ అడ్డం కూడా లేకపాయె గదా. ఆదివారం సామాను తీసేద్దాం," అన్నాడు హరీశ్, పప్పులో అన్నం కలుపుకుంటూ.

తొక్కు వేయబోయిన వసంత చెయ్యి ఆగింది. అడ్డం. ఏడో నెలలో పోయిన బిడ్డకు ఈ ఇంట్లో పెట్టిన మొదటి పేరు అది. పుట్టకముందే పేరు అనుకోవద్దన్నారు. పోయాక పేరు ఎందుకన్నారు. ఇప్పుడు పప్పన్నం ముందు కూర్చొని తండ్రే పెట్టాడు.

అతనికి సిరిసిల్లలో బట్టల షెడ్డులో సూపర్‌వైజర్ పని దొరికింది. కోరుట్ల నుంచి రోజూ రెండు బస్సులు మారి పోలేనని ఎండాకాలం నుంచీ అంటున్నాడు. ఇంటి ఓనరు కూడా తొందరపెడుతున్నాడు. ఈ ఇల్లు కూలగొట్టి రోడ్డు పొడుగునా మడిగెలు కట్టి దుకాణాలకు ఇస్తాడట.

"సోమవారం జేసీబీ వస్తదట. వెనుక జాలారి కాడికెల్లి మొదలు పెడతరట," అన్నాడు హరీశ్. ఇంకొంచెం అన్నం పెట్టమని పళ్లెం ముందుకు జరిపాడు.

ఆమె పెట్టింది. పెడుతూ, వెనుక స్నానాలు చేసే ఆ జాలారి పక్కనున్న రాయినే తలుచుకుంటోంది. జగిత్యాల దవాఖానాలో ఆమెకు తెలివి వచ్చేసరికి అంతా అయిపోయింది. ఆడపిల్ల అని ఆయమ్మ చెప్పింది. చూపించమంటే, చూస్తే మరువలేవు, చూడకపోవుడే మంచిదని హరీశ్ అన్నాడు. తన కడుపులో తన్నిన కాళ్లు ఎట్లా ఉంటాయో ఆమెకు తెలియకుండానే పోయింది. ఇంటికి వచ్చి గోడకు తల ఆనించి ఏడుస్తుంటే అత్త మొగిలవ్వ పక్కన కూర్చొని వీపు నిమిరింది. "ఏడ్వకు పిల్లా. పోయిన పసిగుడ్డును ఇంటి జాగల్నే పాతిపెట్టాలె. అట్ల పెడితె తొవ్వ మరువకుంట మల్ల నీ కడుపుకే వస్తది. హరీశే తెచ్చి పెట్టిండు, జాలారి పక్కకు. గుర్తుకు రాయి గూడ పెట్టిండు," అంది. పెళ్లయ్యాక అత్త ఆమె వీపు మీద చెయ్యి వెయ్యడం అదే మొదలు. ఆ చేతినీ ఆ మాటనూ ఆమె కలిపే నమ్మింది.

బిడ్డ లేదని పాలకు ఎవరూ చెప్పలేదు. మూడోనాడు రొమ్ములు రాళ్లయి, పాలు వచ్చాయి. మొగిలవ్వ మల్లెపూలు తెప్పించి గుడ్డలో పరిచి గట్టిగా కట్టింది. పాలు ఇంకిపోతాయట. పూలు నల్లబడి వాసన వచ్చాయి గాని పాలు ఇంకలేదు. ఎందుకు ఇంకడం లేదో ఆమె ఎవరికీ చెప్పలేదు. పొద్దున్నే స్నానానికి వెళ్లి, తడిక పెట్టుకొని, కట్టు విప్పి, ఆ రాయి దగ్గర మోకాళ్ల మీద కూర్చొని పాలు పిండేది. మట్టి గుటగుట తాగేది. అప్పుడు మాత్రమే ఆమెకు ఒళ్లు తేలికయ్యేది. ఆ తర్వాత చాయ పెట్టేది, అత్తకు నీళ్లు కాచేది, హరీశ్ టిఫిన్ కట్టేది, బీడీల చాట ముందు పెట్టుకునేది.

హరీశ్ చెయ్యి కడుక్కున్నాక, గిన్నెలు సర్దుతూ అత్తను అడిగింది.

"మనం పోతే బిడ్డకు తొవ్వ ఎట్ల దొరుకుతదత్తా?"

మొగిలవ్వ నములుతున్న వక్కను దవడకు జరిపింది. "పెద్దలు వంద చెప్తరు. కడుపు నీదే గదా, నువ్వేడికి పోతే ఆడికి వస్తది," అంది.

హరీశ్ తువ్వాలతో మూతి తుడుచుకుంటూ, "తాళ్లు, తాడిపత్రి, ట్రేలు కిరాయికి తెచ్చుడు నువ్వే చూడు. ఉత్తగ ఇంట్లనే ఉంటివి," అన్నాడు.

ఉత్తగ. బాలింత ఒడిలో బిడ్డ లేదు కాబట్టి చాట పెట్టుకుంటే తప్పేముందని అన్నది ఆయనే. ఆకు కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, ముడి వేసి, మళ్లీ ఆకు. చీకటి పడేదాకా అదే. దాని పేరు ఉత్తగ ఉండడం.

బస్టాండు వెనుక కళ్యాణి టెంట్ హౌస్ ఉంది. భర్త మస్కట్‌లో ఉంటే దుకాణం ఆమే నడుపుతుంది. పెండ్లిళ్లకు కుర్చీలు, వంట గంజులు, పందిళ్లు ఇస్తుంది. ఇల్లు మారేవాళ్లకు మోకులు, సామాను మీద కప్పే తాడిపత్రి, ప్లాస్టిక్ ట్రేలు, బీరువాలు జరిపే చిన్న చక్రాల బండి ఇస్తుంది. ట్రాలీ ఆటో కూడా ఆమెదే. నర్సన్న నడుపుతాడు.

"ఏందక్కా, నువ్వచ్చినవు? మీ ఇంట్ల మొగోడు లేడా?" అంది కళ్యాణి.

"ఆయనకు పనున్నదట."

"మా ఆయనకు గూడ పనే. గా మస్కట్‌ల ఉండి దుకాణమంత ఆయనే నడుపుతడు, ఫోన్ల. కుర్చీలు కడిగినవా, గంజులు తోమినవా అని. ఒక్క గంజు తోమి చూపియ్యి వీడియో కాల్‌ల అన్న, కట్ చేసిండు." కళ్యాణి పగలబడి నవ్వింది. వసంతకు కూడా నవ్వు వచ్చింది. బిడ్డ పోయాక అదే మొదటిసారి. నవ్వినందుకు వెంటనే భయం వేసింది.

సామానంతా పక్కకు తీశాక అడిగింది. "గడ్డపార, పార గూడ కావాలె."

"ఇల్లు మారెటోళ్లకు గడ్డపార ఎందుకక్కా?"

"చెట్టు తీస్కపోవాలె."

"పెద్దదా?"

"చిన్నది."

కళ్యాణి చూపు ఆమె రవిక మీదికి పోయింది. గుండ్రంగా తడిసి ఉంది. వసంత కొంగు లాక్కుంది. కళ్యాణి లోపలికి వెళ్లి గడ్డపార తెచ్చి, దాని మొనను బొటనవేలితో రాసి చూసింది.

"ముందుగాల నీళ్లు పొయ్యక్కా. మట్టి నానినంక మెల్లగ తియ్యి. వేరుకు దెబ్బ తాకద్దు," అంది.

ఆదివారం పొద్దున్నే నర్సన్న ట్రాలీ తెచ్చాడు. పచ్చి ఒంటితో వసంత గిన్నెలను పాత చీరల్లో చుట్టి ట్రేలలో పెట్టింది, బియ్యం డ్రమ్ము దొర్లించింది, బీరువా కింద చక్రాల బండి తోసింది. హరీశ్ ఫోన్ చెవికి పెట్టుకొని వాకిట్లో నిలబడి, "మెల్లగ, గీతలు పడతయి," అన్నాడు. గీతలు పడతాయన్నది బీరువాకు. మొగిలవ్వ దేవుని పటాలు ఒళ్లో పెట్టుకొని గద్దె మీద కూర్చుంది. "పురుడు నిన్న కడిగినం, దోషం లేదు. ఇంటి కోడలే కొత్తింట్ల ముందుగాల అడుగు పెట్టి పాలు పొంగియ్యాలె. పొద్దు ఎక్కకముందే పోవాలె," అని రెండుసార్లు గుర్తు చేసింది.

నర్సన్న తాడిపత్రి కప్పి మోకు బిగిస్తున్నప్పుడు వసంత వెనక్కి వెళ్లింది. పొద్దున్నే దాచిన వస్తువులు అక్కడే ఉన్నాయి. మూత ఉన్న కొత్త స్టీలు డబ్బా. ఉతికి మడిచిన నూలు చీర ముక్క. రాయిని పక్కకు దొర్లించి నీళ్లు పోసింది. నానేదాకా ఆగింది. గడ్డపార ఎత్తింది. మొన దేనికి తగులుతుందో అని పక్కన పడేసి పారతో గీకింది. తర్వాత పార కూడా పడేసి వేళ్లతో తవ్వింది.

పైన నాలుగు వేళ్ల మందం మట్టి మెత్తగా ఉంది. దాని కింద గట్టి మొరం. వసంత పుట్టినూరు బుగ్గారంలో కూలికి పోయిన పిల్ల. తవ్వి పూడ్చిన నేల ఎట్లా ఉంటుందో, పుట్టినప్పటి నుంచీ ఎవరూ కదిలించని నేల ఎట్లా ఉంటుందో ఆమె వేళ్లకు తెలుసు. ఇది కదిలించని నేల. జాగ తప్పిందేమో అనుకొని ఎడమకు తవ్వింది, కుడికి తవ్వింది. మళ్లీ గడ్డపార తీసుకుంది. ఈసారి భయపడకుండా పొడిచింది. అడుగున బండ తగిలి మోగింది. గుంత మోకాలి లోతు అయింది. ఒక గుడ్డ పీలిక లేదు. గోళ్ల సందుల్లో మొరం, రవిక ముందు పాలు, గుంతలో ఆమె పోసిన నీళ్లు. ఇంకేమీ లేవు.

"ఏమే, పిచ్చి లేసిందా? గా బట్టలు చూడు. ఈడ ట్రాలీ ఆగింది," అంటూ వచ్చాడు హరీశ్. గుంత చూసి ఆగిపోయాడు.

"ఏడ పెట్టినవు?" అంది వసంత.

"ఏంది?"

"నా బిడ్డను."

అతను ఫోన్ వైపు చూసుకున్నాడు. అందులో ఏమీ లేదు. "కిరాయి ఇంట్ల పాతిపెట్టనిస్తరా ఎవలన్న? ఓనరుకు తెలిస్తే ఆ పూటనే ఎల్లగొడతడు. దవాఖానల్నే ఇచ్చి వచ్చిన. వాళ్లే ఏదో చేస్తరు. అందరియ్యి అట్లనే చేస్తరు."

"మరి ఈ రాయి?"

"నువ్వు ఏడుస్తుంటివి. నీ మంచికే పెట్టిన."

అప్పటికి మొగిలవ్వ వచ్చి తలుపు దగ్గర నిలబడింది. కొడుకు అబద్ధం ఇప్పుడే తెలిసినదాని లాగా కొడుకు వైపు చూడలేదు. నేల చూసింది. అంటే ఆమెకు మొదటి నుంచీ తెలుసు. వీపు మీద ఆ చెయ్యి కూడా ఏడుపు ఆపడానికి వేసిందే.

వసంత లేచింది. గుంత పూడ్చింది. రాయిని మళ్లీ పెట్టలేదు. ముందుకు వచ్చి, "నర్సన్నా, మోకు కొంచెం వదులు చెయ్యి," అంది. అతను చేశాడు. తాడిపత్రి కింద చెయ్యి పెట్టి తన బీడీల చాట లాగింది, బట్టల సంచి లాగింది. అవి ఆమె సర్దినవే. ఎక్కడ ఉన్నాయో చూడకుండానే దొరికాయి.

"మీరు పోండ్రి. గడ్డపార వాపస్ ఇచ్చి నేను బుగ్గారం పోతున్న," అంది.

"ఎన్ని రోజులకు?" అన్నాడు హరీశ్. ఆమె పారను, గడ్డపారను కలిపి భుజం మీద పెట్టుకుంది.

మొగిలవ్వ పటాలు పట్టుకొని ట్రాలీ దగ్గరికి ఉరికొచ్చింది. "ఓ పిల్లా, అయిందేదో అయింది. కొత్తింట్ల పాలు ఎవలు పొంగిస్తరే?"

"నా దగ్గర పాలు లేవత్తా," అంది వసంత. "అన్నీ ఉత్త మన్నుకు పోసిన."