వంతెన మీద మూడు సైకిళ్లు

మా బావ సైకిళ్ల డాక్టరు. వంతెనకు ఈ చివర, సైకిళ్ల దారి మొదలయ్యే చోట ఆయన షాపు. షాపంటే ఒక రేకుల గది, ఒక నీళ్ల తొట్టి, ఒక గాలి పంపు, గుమ్మం పక్కన ఒక నల్లపలక. అన్నిటిలోకీ పలకే గొప్పది. ఇరవై ఆరేళ్లుగా బావ రోజూ పొద్దున్నే వంతెన ఆ చివరిదాకా నడిచివెళ్లి, దారంతా చూసొచ్చి, సుద్దముక్కతో పలక మీద రాస్తాడు. 'రెండో స్తంభం దగ్గర గాజుపెంకులు.' 'మధ్యలో నూనె ఒలికింది, ఎడమపక్కగా పొండి.' వంతెన దాటేవాళ్లు ముందు పలక చదివి, ఆ తర్వాతే పెడల్ మీద కాలు పెడతారు. పలక మీద ఏముంటే అదే చేస్తారు. పెడర్థాలు తీసేవాడు ఇంతవరకూ ఒక్కడు లేడు, నేను తప్ప.

"పంక్చర్ల మీద బతుకుతూ పంక్చర్లు పడకుండా కాపలా కాస్తావేంటి బావా" అని ఒకసారి అడిగాను.

"నా పని బాగుచెయ్యడంరా. ఎప్పుడు పాడవుతుందా అని కాచుక్కూర్చోడం కాదు" అన్నాడు.

నా గాలి తీసేది ఆయనే, మళ్లీ గాలి కొట్టేదీ ఆయనే.

నేను ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతాను. నా బరువుకు మాత్రం ప్రూఫు అక్కర్లేదు, నా సైకిలు సీటు చూస్తే చాలు.

ఆ వేసవిలో ప్రభుత్వం వారి ప్రణాళిక ఒకటి బయటికొచ్చింది. వంతెన మీద సైకిళ్ల దారి తీసేసి, ఆ జాగాలో హైవేకి ఇంకో వరస కలుపుతారట. సైకిళ్లన్నీ పాత వంతెన మీదుగా ఏడు కిలోమీటర్లు చుట్టూ తిరిగి పోవాలట. వాళ్లకది రహదారి, మాకు విరహదారి. మమ్మల్ని అలా తొక్కేస్తుంటే చూస్తూ ఊరుకోవడానికి మేమేం తొక్కడం తెలియనివాళ్లమా. అర్జీ రాశాం, సంతకాలు పెట్టాం, బావని ముందు నిలబెట్టాం. స్పోకులు బిగించే మనిషికంటే మంచి స్పోక్స్‌మన్ ఎక్కడ దొరుకుతాడు?

అభ్యంతరాలు వినడానికి రోడ్ల శాఖ వాళ్లు ఒక హాల్లో సభ పెట్టారు. బావకి ఒక పక్క నేను, ఇంకో పక్క మా అక్క. వేదిక మీద ఒక ఇంజినీరమ్మ. ముప్ఫై ఏళ్లుంటాయేమో, మాట మెత్తన, లెక్క గట్టి. తెర మీద పట్టిక వేసింది.

"మార్చిలో వారం రోజులు లెక్క తీశామండీ. కార్లు, లారీలు కలిపి రోజుకి ఇరవై రెండు వేలు. ఇక సైకిళ్లు..." ఆగి గొంతు సవరించుకుంది. "వారం మొత్తానికి మూడు."

వెనక వరసలోంచి ఒక నర్సమ్మ లేచింది. "మూడేంటమ్మా? ఆస్పత్రికి పొద్దుటి డ్యూటీకి వెళ్లేవాళ్లమే నలభై మందిమి. మేమంతా ఎగిరి వెళ్తున్నామా?"

"మిషన్ అబద్ధం చెప్పదండీ. దారికి అడ్డంగా రెండు రబ్బరు గొట్టాలు పరిచాం. చక్రం ఎక్కిందంటే స్తంభానికి కట్టిన పెట్టెలో అంకె పడుతుంది." ఇంకో బొమ్మ వేసింది. నల్లటి గొట్టాలు, అటూ ఇటూ మేకులు, బూడిదరంగు పెట్టె.

అప్పటిదాకా నిటారుగా కూర్చున్న బావ మెల్లగా కుర్చీలోకి జారిపోయాడు. నా బుర్రలో ట్యూబులైటు కాస్త ఆలస్యంగానైనా వెలిగింది. మార్చిలో ఆ వారమంతా పలక మీద ఉన్న మాట నాకు గుర్తుంది. 'ఆరో స్తంభం దగ్గర ఎవరో గొట్టాలు, మేకులు వదిలేసిపోయారు. దిగి, సైకిలు ఎత్తుకుని దాటండి.'

అందరూ దిగారు. ఎత్తుకున్నారు. దాటారు. వారం రోజులు, పోనూ రానూ, ఇంత ఊరు ఆ గొట్టాల మీద చక్రం ఆనించకుండా జాగ్రత్తగా వెళ్లింది.

బావ నా చెవిలో గొణిగాడు. "చెప్పకురా."

"చెప్పకపోతే దారి పోతుంది బావా."

"చెబితే నా మాట పోతుంది. రేపట్నించి ఆ పలక వంక ఎవడన్నా చూస్తాడా?"

అక్క తల తిప్పకుండానే అంది. "రోజూ పలక మీద ఉన్నదున్నట్టు రాస్తారుగా. ఇవాళ నోటితో చెప్పండి. సుద్దముక్క కూడా అక్కర్లేదు."

బావ లేచాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీక ప్యాంటుకు తుడుచుకున్నాడు.

"అమ్మా, మీ మిషన్ తప్పేం లేదు. తప్పు నాది. ఎవరి టైరూ పోకూడదని నేనే అందరినీ ఎత్తుకుని దాటమన్నాను. అవి లెక్కపెట్టే గొట్టాలని నాకు తెలీదు."



"అందరూ ఎత్తుకునే దాటారా?" అంది ఇంజినీరమ్మ.

"పలక మీద రాశాను కదమ్మా" అన్నాడు బావ, అంతకుమించి చెప్పడానికేముందన్నట్టు.

"దానికి ప్రూఫ్ ఏమన్నా ఉందా అండీ?"

ఆ మాటకి కూడా లేవకపోతే నేను చేసే ఉద్యోగానికి అర్థమే లేదు. లేచాను. "ఉందండీ. ఆ మూడు సైకిళ్లూ నేనే."

అందరి తలలూ నా వైపు తిరిగాయి.

"నేను సైకిలెక్కడమే ఒక పెద్ద కార్యక్రమం. ఎక్కితే ఇల్లొచ్చేదాకా దిగను. అందుకని పొద్దున బావ చూస్తాడని మోసినా, ఇంటికెళ్లేటప్పుడు మూడు సాయంత్రాలు గొట్టాల మీంచే పోనిచ్చాను. మూడోరోజు మేకు గుచ్చుకుంది. బావ చేత చీవాట్లు తిని, నాలుగోరోజు నుంచి సాయంత్రాలూ మోశాను."

ఆమె కంప్యూటర్లో వెతికింది. "సోమవారం ఆరూ పది. మంగళవారం ఆరూ పన్నెండు. బుధవారం ఆరూ పది."

"ప్రెస్సు ఆరింటికి వదుల్తారండీ."

ముందు నవ్వింది ఇంజినీరమ్మే. తర్వాత హాలంతా నవ్వింది. బావ మాత్రం నవ్వలేదు, నర్సమ్మ వంకే చూస్తున్నాడు. ఆమె భుజం తడుముకుంటూ అంది. "వారం రోజులు మోసి మోసి ఇది వాచిపోయిందన్నా. ఈసారి గొట్టాలు పరిస్తే ఏం రాస్తావో ముందే చెప్పు, నూనె రాసుకుని వస్తాను."

'ఈసారి' అనే మాట వినగానే బావ మొహంలోకి కాస్త రక్తం వచ్చింది.

మళ్లీ లెక్క తీసేదాకా ప్రణాళిక ఆపాలని ఇంజినీరమ్మ పైకి రాసింది. పదిరోజులకు గొట్టాలు మళ్లీ వచ్చాయి, ఈసారి మేకులకు రబ్బరు టోపీలతో. పలక మీద బావ రాశాడు: 'దిగొద్దు. గొట్టాల మీదుగానే పొండి. అనవసరంగా తిరగొద్దు.'

మూడో మాట నాకోసమే రాసినట్టున్నాడు. నేను ఏడోసారి వంతెన ఎక్కబోతుంటే హ్యాండిల్ పట్టుకున్నాడు.

"ఇది ఎన్నోసారి?"

"కాస్త గాలి కోసం తిరుగుతున్నా బావా."

"గాలి కావాలంటే పంపు ఇక్కడుంది. ఒక్క దొంగ అంకె పడిందా, మన నిజం అంకెలన్నీ దొంగవైపోతాయి. దిగు."

దిగాను. ఆరుసార్లు నేను ఊరికే తిరిగానని ఇంజినీరమ్మకి ఫోన్ చేసి మరీ చెప్పాడు. సొంత బామ్మర్దిని ఇంత లెక్కగా పట్టించిన బావ ఇంకొకడుండడు.

నెల తర్వాత ఒక ఉదయం ఆమె కాగితం పట్టుకుని షాపుకే వచ్చింది. "రోజుకి పద్దెనిమిది వందల నలభై అండీ. మీ బామ్మర్దిగారివి ఆరూ తీసేశాకే."

సైకిళ్ల దారి ఉన్నచోటే ఉంటుంది. హైవేకి ఇంకో వరస వేసే ఆలోచన విరమించుకున్నారు. బావ కాగితం రెండుసార్లు చదివి నాకిచ్చాడు. అలవాటు కొద్దీ అచ్చుతప్పులు వెతికాను. ఒక్కటి దొరకలేదు. నా సర్వీసులో అలాంటి సర్కారు కాగితం చూడటం అదే మొదలు.

బావ స్టూలు మీద కూర్చుని, ఎన్నాళ్లనుంచి పట్టి ఉంచాడో ఆ ఊపిరి, నెమ్మదిగా, చివరిదాకా వదిలాడు. అక్క మంచినీళ్లిచ్చింది. గ్లాసు ఖాళీ చేసి, ఆయన పలక దగ్గరికి వెళ్లాడు. అప్పటికే పోగైన నర్సులు, పోస్టుమాన్, నేను, ఏం రాస్తాడోనని చుట్టూ మూగాం. పొద్దున తాను దారంతా చూసొచ్చిందే రాశాడు.

'ఇవాళ దారిలో ఏమీ లేదు. మామూలుగా వెళ్లండి.'

చదివాం. మామూలుగా వెళ్లాం.