కోరుట్లలో రెండో బంతి

పెళ్లైన ముప్పై రెండో రోజున మా ఆయన నన్ను బైకు మీద కోరుట్ల తీసుకెళ్లాడు. బయలుదేరే ముందు ఎడమవైపు అద్దాన్ని నా ముఖం కనిపించేలా తిప్పిపెట్టాడు. వెనక వచ్చే లారీలు కనిపించకపోయినా ఫర్వాలేదట. మెట్‌పల్లి దాటేదాకా నేను ఆ అద్దంలో నవ్వుకుంటూనే కూర్చున్నాను.

మా ఆయన దేవదాస్ ఒమన్ దేశం తరఫున క్రికెట్ ఆడాడు. ఈ మాట చెప్తే సిరిసిల్లలో నా కాలేజీ స్నేహితురాళ్లు ముందు నమ్మలేదు. మా అత్తగారి ఇబ్రహీంపట్నం మండలం నుంచి గల్ఫ్ పోయినవాళ్లు సిమెంటు మోస్తారు, బండ్లు నడుపుతారు. ఆయనా గోదాములో పెట్టెలు మోయడానికే పోయాడు. శుక్రవారాలు కంపెనీ టీముకు ఫాస్ట్ బౌలింగ్ వేస్తుంటే ఎవరో చూశారు. అక్కడ ఏళ్ల తరబడి ఉన్నవాళ్లు ఆ దేశం జట్టుకు ఆడొచ్చట. మూడో మ్యాచిలోనే నాలుగు వికెట్లు తీశాడు. ఊళ్లో ఫ్లెక్సీ కట్టారు. ఏడో మ్యాచిలో కుడి భుజం నరం తెగింది. ఆపరేషనయ్యాక జట్టులోంచి పేరు పోయింది, మళ్లీ గోదామే దిక్కయింది. ఆ ఫ్లెక్సీని మా అత్త బాలవ్వ మేకల కొట్టం మీద కప్పింది.

రెండున్నరేళ్ల తర్వాత, సరిగ్గా మా పెళ్లికి వారం ముందు, టీం మేనేజరు ఫోన్ చేశాడు. వచ్చే నెల ఇరవయ్యో తారీఖున క్యాంపు ఉంది, అక్కడ బౌలింగ్ బాగుంటే మళ్లీ జట్టులోకి తీసుకుంటారు, ముప్పై ఒక్కేళ్ల వాడికి ఇదే ఆఖరు అవకాశం అన్నాడు. కోడలు కుదిరిన వేళ మంచిదని మా అత్త వాడంతా చెప్పింది. నేనూ ఆ మాట ఎంతమందికి చెప్పుకున్నానో లెక్కలేదు.

కోరుట్లలో కరుణాకర్ రావు తన తండ్రి పేరు మీద టెన్నిస్ బంతి టోర్నమెంటు పెట్టాడు. మా మామ బతికున్నన్నాళ్లూ ఆ రావుల పొలంలోనే పని చేశాడు. ఇప్పుడు ఆ మామ కొడుకు, మా ఆయన, అదే ఇంటివాళ్ల దగ్గర ముఖ్య అతిథి. ఇక్కడి పద్ధతి ఏమిటంటే, అతిథికి శాలువా కప్పుతారు, అతిథి మొదటి బంతి మెల్లగా వేస్తాడు, బ్యాటు పట్టినవాడు దాన్ని మర్యాదగా ఆపి దండం పెడతాడు. అంతే, ఆట మొదలైనట్టు.

దారిలో చెరుకు రసం తాగుతూ ఆయన ఒక సంగతి చెప్పాడు. అసలు బంతికి బరువుంటుంది, చేతిని అదుపులో ఉంచుతుంది. టెన్నిస్ బంతికి బరువుండదు, బలమంతా పెట్టి విసిరితే దాంతో పాటు భుజమూ పోతుంది. ఆపరేషన్ చేసిన డాక్టరు దాని జోలికి పోవద్దన్నాడట.

"ఊకె మెల్లగ ఏసి, దండం వెట్టి అచ్చేస్త," అన్నాడు.

నేను గ్లాసులోని ఐసు ముక్క తీసి ఆయన మెడ మీద వేశాను. ఎగిరి గంతేశాడు. ఆయన చెప్పింది మాత్రం పూర్తిగా విన్నాను.

మైదానంలో నన్ను ముందు వరుస సోఫాలో, కరుణాకర్ రావు భార్య సునంద పక్కన కూర్చోబెట్టారు. శాలువాదీ నా చీరదీ ఒకటే రంగు. ఆ సంబరంతో నాలుగు ఫోటోలు తీసుకున్నాను. బ్యాటు పట్టుకుని నిలబడింది రావు కొడుకు కార్తికేయ. మా ఆయన రెండడుగులు నడిచి మెల్లగా బంతి వేశాడు. కార్తికేయ దండం పెట్టలేదు. ముందుకొచ్చి బాదాడు. బంతి టెంటు దాటి రోడ్డు మీద పడింది.

జనం విరగబడి నవ్వారు. సునంద కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కరుణాకర్ రావు మైకు అందుకున్నాడు.

"ఏం రా దేవదాసు, మీ అయ్య గడ్డపార లేపితే భూమి అదిరేది. నీకు బాల్ గూడ లేస్తలేదేంది? పెట్టెలు మోసుకునుడే నయం గదరా."

మా ఆయనా నవ్వాడు. పోదామన్నట్టు నా దగ్గరికి నడిచొచ్చాడు. నేను లేచి నిలబడితే అంతటితో అయిపోయేది. నాకు మాత్రం సునంద కొంగు చాటు నవ్వే కనిపిస్తోంది.

"బావా, ఇంకోటి ఎయ్యి. గట్టిగ," అన్నాను.

ఆయన ఒక్క క్షణం నా ముఖం చూశాడు. శాలువా తీసి నా ఒళ్లో పెట్టి, చాలా దూరం నడిచి వెనక్కి తిరిగాడు. అంత వేగంగా పరిగెత్తే మనిషిని నేనెప్పుడూ చూడలేదు. కార్తికేయ బ్యాటు దించేలోపే నడిమి వికెట్టు గాల్లోకి లేచింది. నేను సోఫా ఎక్కి చప్పట్లు కొట్టాను. ఆయన కుడిచేతిని కడుపుకు ఆనించుకుని తిరిగొస్తుంటే, అదీ ఒక స్టైలే అనుకున్నాను.

ఇంటికి వచ్చేటప్పుడు బైకు చాలా నెమ్మదిగా నడిపాడు. నాతో ఇంకొంచెం సేపు ఉండాలని కాబోలు అనుకున్నాను. మర్నాటి నుంచి అన్నం కలిపి నోట్లో పెట్టమన్నాడు. చొక్కా గుండీలు పెట్టమన్నాడు, తల దువ్వమన్నాడు. ప్రతి ముద్దకూ నాకు నవ్వొచ్చేది. మొదటి రోజే ఫోటో స్టేటస్‌లో పెడితే, అదృష్టవంతురాలివే అని నా స్నేహితురాలు కళ్యాణి రాసింది. నాలుగు రోజులు అలాగే తినిపించాను.

ఐదో రోజు మా అత్త నా చేతిలోని పళ్లెం పట్టుకుని ఆపింది.

"బిడ్డా, ఆపరేషనయి ఇంటికచ్చినప్పుడు గూడ వాడు గిట్లనే తిన్నడు."

జగిత్యాలలో స్కానింగ్ తీయించాం. పాత చోటే మళ్లీ తెగింది. ఆ సంగతి తెలియని మేనేజరు, టికెట్టు పంపే ముందు బౌలింగ్ వీడియో ఒకటి పంపమన్నాడు. మా ఆయన నన్ను పసుపు తవ్వేసిన చేనులోకి తీసుకెళ్లి ఫోను చేతికిచ్చాడు. పెట్టెలోంచి అసలు బంతి తీశాడు. పరిగెత్తి వచ్చాడు. చెయ్యి భుజం దాకా లేచి ఆగిపోయింది. బంతి ఆయన కాళ్ల ముందే మట్టిలో పడింది.

నేను ఫోను దించాను. ఆయన బంతి తీసుకుని మట్టి తుడిచాడు.

"ఇంకోటి ఎయ్యుమనవా, వనితా?" అని అడిగాడు. కోపంగా కాదు. నిజంగా నేను చెప్తే వేసేలా ఉన్నాడు.

ఆ వీడియోనే పంపమన్నాడు. పంపాను.

మధ్యాహ్నం అన్నం కలిపి తెచ్చాను. ఆయన ఎడమ చేత్తో పళ్లెం తీసుకుని ఒళ్లో పెట్టుకున్నాడు. మా ఇళ్లలో ఎవరూ ఎడమ చేత్తో తినరు. గోడవైపు తిరిగి కూర్చుని, ఆ చేత్తోనే తినడం మొదలుపెట్టాడు.